ఉయ్యాల దిగని పిల్లాడు

(సికింద్రాబాద్‌లో ఒక ఇంటి వరండా. మామయ్య బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మేనకోడలు ఏడాదిగా పిల్లల బిహేవియర్ థెరపీ సెంటర్‌లో పనిచేస్తోంది. ఆయన చేతిలో బ్యాంకు పరీక్ష నోటిఫికేషన్ ఉంది.)

మామయ్య: డౌన్ సిండ్రోమ్ తగ్గేది కాదని నువ్వే అన్నావు. తగ్గని దానికి థెరపీ ఏమిటే? వాళ్ల డబ్బూ దండగ, నీ చదువూ దండగ.

మేనకోడలు: జబ్బయితే కదా మామయ్యా తగ్గడానికి! 21వ క్రోమోజోము రెండుండాల్సిన చోట మూడుంటాయి, అంతే. 1959లో పారిస్‌లో తేల్చారది. కణాలు పెంచింది మార్త్ గోతియే అనే డాక్టరమ్మ, పేరు ఎక్కువగా వచ్చింది ఆమెతో పనిచేసిన లెజూన్ అనే డాక్టరుకి.

మామయ్య: చూశావా, అక్కడా పని ఒకరిది, పేరు ఒకరిది. నీ గతీ అంతే. అయినా ఇదంతా మేనరికాల వల్లే కదా?

మేనకోడలు: కాదు. మేనరికానికీ గ్రహణానికీ దీనితో లంకె లేదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా విడిపోకపోవడం వల్లే ఎక్కువగా వస్తుంది. తల్లి వయసు పెరిగితే అవకాశం పెరిగే మాట నిజమే. కానీ కాన్పులు ఎక్కువ కాబట్టి, ఈ పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది చిన్న వయసు తల్లులకే. ఆ అమ్మాయిలు "నేనేం పాపం చేశాను మేడం" అని ఏడుస్తుంటే విని చూడండి.

మామయ్య: సరే. కానీ చిప్స్ ముక్క చూపించి "కూర్చో, చప్పట్లు కొట్టు" అనడం థెరపీయా? సర్కస్‌లోనూ అదే చేస్తారు.

మేనకోడలు: అలా చేసేవాళ్లున్నారు, కాదనను. నాకూ నచ్చదు. పైగా ఈ పిల్లలు త్వరగా ఒళ్లు చేస్తారు, చిప్స్ అసలే వద్దు. మా దగ్గరికి ఆరేళ్ల బాబు వస్తాడు. ఉయ్యాల దిగమంటే చాలు, నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. కండరాల్లో బిగువు తక్కువ కదా, ఒళ్లంతా వదిలేస్తే తడి దుప్పటిలా బరువు. చంకల్లో చెయ్యేసి గుంజకూడదు, కొందరికి మెడ ఎముకల దగ్గర పట్టు తక్కువ. వాళ్ల నాన్నమ్మ "మొండిఘటం" అనేది.

మామయ్య: మొండిఘటమే మరి!

మేనకోడలు: ముందు చెవులూ థైరాయిడూ చూపించాం. వినపడకపోయినా, థైరాయిడ్ తగ్గినా, మొండితనమనో బద్ధకమనో అనుకుంటారు. రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత వారం రోజులు రాసుకున్నాను. పడుకోగానే నలుగురూ చుట్టూ చేరి బతిమాలుతున్నారు, ఇంకో పది ఊపులు ఇస్తున్నారు. వాడి లెక్క వాడికుంది! మాటకన్నా బొమ్మ వీళ్లకు తేలిగ్గా ఎక్కుతుందని మూడు కార్డులు చేశాను: ఉయ్యాల, చెప్పులు, ఆటో. ఐదు ఊపులుండగానే చెప్పుల కార్డు చూపించేదాన్ని. పడుకుంటే ఎవరూ బతిమాలరు, లేచి వస్తే ఆటోలో ముందు సీటు.

మామయ్య: లేచాడా?

మేనకోడలు: మొదటి రెండు వారాలు ఇంకా ఎక్కువ పడుకున్నాడు. వాళ్లమ్మ మానేస్తానంది. ఏడో వారం ఉయ్యాల మీద నుంచే చెయ్యి చాపి, చెప్పుల కార్డు నా చేతిలోంచి లాక్కున్నాడు. కార్డు మీద కాస్త ఎంగిలి కూడా అంటింది. తనే దిగాడు.

మామయ్య: ఏడు వారాలకు ఒక ఉయ్యాల. ఈ లెక్కన వాడు బడికెళ్లేదెప్పుడు, నువ్వు స్థిరపడేదెప్పుడు? నీ జీతం మా వాడి సాఫ్ట్‌వేర్ జీతంలో పావు వంతు ఉంటుందా?

మేనకోడలు: ఉండదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నెలాఖరుకు నాకూ టెన్షనే.

మామయ్య: అయితే ఫారం నింపు. చివరి తేదీ శుక్రవారం.

మేనకోడలు: నింపుతాను. పరీక్ష ఆదివారమే కదా, ఆ రోజు పిల్లలు రారు.