ఆగి ఉన్న లారీని మీ కారు చూస్తుందా?

విజయవాడ కార్ల షోరూముల్లో ఇప్పుడు మైలేజీ కంటే ముందు ‘అడాస్’ (డ్రైవర్‌కి సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) మాటే వినిపిస్తోంది. ముందు బండి ఆగితే కారే బ్రేక్ వేస్తుంది, లైను తప్పితే స్టీరింగే సర్దుకుంటుంది అంటారు. అబద్ధం కాదు. కానీ మన దగ్గర అమ్ముతున్నది ఎక్కువలో ఎక్కువ లెవెల్-2. వేగం, స్టీరింగ్ కారు చూసుకున్నా బాధ్యత మాత్రం డ్రైవర్‌దే. ఆ రెండో ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఇందులో ప్రభుత్వం వేలు పెట్టాలా? పెట్టాలి, అదీ సరైన చోట. డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వబోమని, డ్రైవర్ల ఉపాధి పోతుందని 2023లో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీ అన్నారు. అది ఇంకా రాని బండి గురించి వాదన. సగం తానే నడిపే కార్లు మాత్రం ఇప్పటికే కాజ టోల్‌గేటు దాటి పోతున్నాయి.

అసలు చిక్కు కదలని వస్తువులతో. రోడ్డు పక్క బోర్డు, డివైడర్, వంతెన ఇనుము అన్నీ ఈ కార్లలో ముందును గమనించే రాడార్‌కి తగులుతాయి. ప్రతిదానికీ బ్రేక్ పడితే బండి ముందుకు సాగదు. అందుకే హైవే వేగంలో చాలా సిస్టమ్‌లు కదలనివాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోవు. అప్పుడు భారమంతా కెమెరా మీద పడుతుంది. మిర్చి సీజన్లో గుంటూరు యార్డు వైపు వచ్చే లోడు బండ్లను తలచుకోండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) వెనక్కి పొంగి లైట్లను కప్పేస్తాయి. అలాంటి బండి అర్ధరాత్రి 16వ నంబరు హైవే మార్జిన్‌లో ఆగి ఉంటే కెమెరా ఏం పోల్చుకుంటుంది? ఆగిన వాహనాన్ని గుర్తించకపోవచ్చని చాలా కంపెనీలు మాన్యువల్‌లో రాసే ఉంచుతాయి. చదివేదెవరు?

బస్సులు, లారీలకు ఆటోమేటిక్ బ్రేకింగ్, కునుకు హెచ్చరిక, లేన్ హెచ్చరిక తప్పనిసరి చేస్తూ కేంద్రం 2025 మార్చిలో ముసాయిదా ఇచ్చింది. మంచిదే. అయితే పరికరం ఉండాలనడంతో సరిపెట్టకూడదు. పరీక్షల్లో సాధారణంగా ముందు నిలబెట్టేది పద్ధతిగా ఉన్న కారు వెనక భాగాన్ని పోలిన డమ్మీ. మన పరీక్షలో లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కు, రాంగ్ రూట్లో వచ్చే బైకు ఉండాలి. ఫలితం షోరూములోనే తెలుగులో కనపడాలి. ఇలా చేస్తే కార్ల ధర పెరుగుతుందంటారు. బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేసినప్పుడూ ధర పెరిగింది. ఇవాళ అది లేని కారు ఎవరికి కావాలి?

ప్రమాదం జరిగాక సంగతి మరీ అన్యాయం. ఎఫ్ఐఆర్‌లో ‘అతివేగం, నిర్లక్ష్యం’ అని పడిపోతుంది. ఆ క్షణాన సిస్టమ్ ఆన్‌లో ఉందో లేదో చెప్పగలిగేది కంపెనీ ఒక్కటే. అమెరికాలో ఇలాంటి ప్రమాదాల వివరాలు రహదారి భద్రతా సంస్థకు ఇచ్చి తీరాలని 2021లోనే ఆదేశించారు. 2023 డిసెంబరులో టెస్లా దాదాపు 20 లక్షల కార్లను లోపం సరిదిద్దేందుకు రీకాల్ చేయాల్సి వచ్చింది. డ్రైవర్ రోడ్డు మీద దృష్టి పెట్టేలా చూసే ఏర్పాటు చాలదన్నదే కారణం. రీకాల్ చేయించే అధికారం 2019 చట్ట సవరణతో మన కేంద్రానికీ వచ్చింది. వాడాలంటే చేతిలో లెక్కలుండాలి కదా!

ఇంకో చిన్న విషయం. ముందు అద్దం పగిలి కొత్తది వేయించుకుంటే, దాని వెనకుండే కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిచూసి అమర్చాలి. చేశారని రసీదు మీద రాయాలన్న నిబంధన పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

రూల్స్ ఢిల్లీవే అయినా ట్రాక్టర్ ట్రక్కుల వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ ఉందో లేదో చూడాల్సింది మన రవాణా శాఖే. యార్డు గేటు దగ్గర ఇద్దరు సిబ్బందిని నిలబెడితే ఈ సీజన్లోనే మొదలుపెట్టొచ్చు.