లేత నీలం చొక్కా మీమాంస

ఉద్యోగ ప్రకటనల్లో జావా కావాలంటారు, పైథాన్ కావాలంటారు, ఫ్రెషరుకి రెండేళ్ల అనుభవం కూడా కావాలంటారు. ఇస్త్రీ కావాలని మాత్రం ఎవరూ రాయరు. అయినా ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ల వైపు వెళ్లి రద్దీ ఎక్కడుందో చూడండి. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో కాదు, సందు చివర ఇస్త్రీ బండి దగ్గర. డేటా స్ట్రక్చర్లదేముంది, మెట్రోలో తిరగేసుకోవచ్చు. కాలరు నిలబడకపోతే మాత్రం కుర్రాడు నిలబడలేడు.

ముందు రంగు సంగతి తేలాలి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు శాస్త్రసమ్మతమే. కాకపోతే దారిలో ఫంక్షన్ హాలు ముందు ఆగితే "బాబూ, ఇటు సాంబారు" అంటారు. నాంపల్లి కోర్టు ముందు ఆగితే "సార్, బెయిలొస్తదా" అంటారు. పసుపు వేస్తే ఒక పార్టీ, గులాబీ వేస్తే ఇంకో పార్టీ. నలుపు వేస్తే మాల వేసుకున్నాడనుకుని "స్వామీ" అని దారిస్తారు తప్ప ఉద్యోగం ఇవ్వరు. ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోగా చివరికి మిగిలేది లేత నీలం. రెండు రాష్ట్రాల నిరుద్యోగులూ ఎవరికి వారు రాత్రంతా ఆలోచించి ఇదే నిర్ణయానికి వస్తారు గనక, రిసెప్షన్లో అందరూ లేత నీలం చొక్కాలతో సర్కారు బడి ప్రార్థనకు వచ్చినట్టు కూర్చుని ఉంటారు. లోపలికి పిలిచి అడిగే మొదటి ప్రశ్న: "మిగతావాళ్లలో లేనిది మీలో ఏముంది?"

ఇక టై. 17వ శతాబ్దంలో క్రొయేషియా సిపాయిలు మెడకు చుట్టుకున్న గుడ్డను చూసి ఫ్రాన్సు దర్బారు ముచ్చటపడింది. ఆ ముచ్చట దేశాలు తిరిగి తిరిగి, మే నెల మిట్టమధ్యాహ్నం రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతున్న సిద్దిపేట కుర్రాడి మెడకు వచ్చి పడింది. హాస్టల్లో టై ముడి వేయడం తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. వెళ్తూ వెళ్తూ వేసిపెట్టిన ముడిని ఆ తర్వాత ఎవరూ విప్పరు. వదులు చేసి తల దూర్చడం, పనయ్యాక మళ్లీ మేకుకు తగిలించడం. ముడి మధ్యలో ఏ బ్యాచ్ చెమట ఎంతుందో చెప్పడం కష్టం. బూట్లు కూడా ఉమ్మడి ఆస్తే, తొమ్మిదో నంబరు జత. ఏడో నంబరు పాదం వాడు ముందు భాగంలో పేపరు కుక్కుకుంటాడు, అదీ క్లాసిఫైడ్స్ పేజీయే.

అమ్మాయి విషయానికొస్తే ఏకంగా కమిటీ కూర్చుంటుంది. చీర కడితే పెద్దదానిలా ఉన్నావంటుంది పిన్ని. చుడీదార్ వేస్తే కాలేజీకి పోతున్నావా అంటుంది అక్క. ప్యాంటూ కోటూ వేస్తే నాయనమ్మ పైనుంచి కిందికి చూసి "చున్నీ ఏదే?" అంటుంది. చివరికి గంజి పెట్టిన మంగళగిరి కాటన్ చీరకు ఆమోదం లభిస్తుంది. అది మెట్రోలో రెండు స్టేషన్లు దాటేలోగా గంజి సంగతి మరిచిపోతుంది. కుచ్చిళ్లు సర్దుకుని, పిన్నులు సరిచూసుకుని లోపలికి వెళ్తే వాళ్లడిగేది "పెళ్లెప్పుడు చేసుకుంటారు?" అని. ఆ ప్రశ్నకు తగిన దుస్తులు ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఇంత ముస్తాబునీ పరిశీలించి మార్కులు వేసే పెద్దమనిషి రౌండ్ నెక్ టీషర్టులో, చెప్పులతో, చేతిలో కాఫీ కప్పుతో వస్తాడు. దీన్ని తప్పుపట్టడం అజ్ఞానం. టై అనేది ఉద్యోగం లేనివాడికే. వచ్చినవాడికి మెడలో ఐడీ కార్డు ఉంటుంది, ఒక మెడకు రెండు పలుపులు దేనికి? 1931లో గాంధీగారు కొల్లాయి గుడ్డతోనే బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి వెళ్లి ఐదో జార్జిని కలిశారు కదా అని కొందరు వాదిస్తారు. ఆయన ఉద్యోగం అడగడానికి వెళ్లలేదు, దొరల ఉద్యోగాలు ఊడగొట్టే పని మీద ఉన్నారు. అలాంటివారికి డ్రెస్ కోడ్ వర్తించదు.

వీడియో ఇంటర్వ్యూలు వచ్చాక ఖర్చు సగానికి తగ్గిందని అందరూ సంతోషించారు. నడుము పైన లండన్, నడుము కింద లుంగీ. పైన పటారం లోన లొటారం అన్నది తిట్టు కాకుండా పోయి కార్పొరేట్ విధానమైంది. చిక్కల్లా "ఆ ఫ్యాన్ చప్పుడు కాస్త ఆపుతారా?" అని అవతలివాళ్లు అన్నప్పుడే. లేస్తే లుంగీ, లేవకపోతే పొగరు. అందుకే అనుభవజ్ఞుల ఇళ్లలో స్విచ్చు బాధ్యత ముందే అమ్మకు అప్పగిస్తారు. కెమెరాకు చిక్కకుండా వంగి వంగి గోడవారగా వచ్చి ఫ్యాన్ ఆపేసి వెళ్లాలి. ఎందుకైనా మంచిదని ఆవిడ ఆ పూట పట్టుచీర కట్టుకునే ఉంటుంది.