సెమ్యోనొవా అంటే ఎత్తొక్కటేనా?

యూరప్ మహిళల బాస్కెట్‌బాల్‌లో పాయింట్ల వరద పారించిన వాళ్ల గురించి మీరు వ్యాసం రాయడం సంతోషం. కానీ అందులో లాత్వియా (అప్పట్లో సోవియట్ యూనియన్‌లో భాగం) అమ్మాయి ఉలియానా సెమ్యోనొవాని "దాదాపు ఏడడుగుల ఎత్తు కాబట్టి ఆడింది" అన్నట్టు రెండు వాక్యాల్లో దాటేయడం నాకు నచ్చలేదండి.

అంత పొడగరి మీదికి ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఎగబడతారు. ఆ తోపులాటలోనే బంతి అందుకోవాలి, తిరగాలి, వెయ్యాలి. 1976 మాంట్రియల్‌లో, అదీ మహిళల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన మొదటిసారే, అమెరికా మీద 32 పాయింట్లు, 19 రీబౌండ్లు (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడం)! సోవియట్ జట్టు ఆ మ్యాచ్ 112-77తో గెలిచింది, స్వర్ణమూ అందుకుంది. 1980 మాస్కోలో మళ్లీ స్వర్ణం, సగటు 21.8 పాయింట్లు. 1984 లాస్ ఏంజెలెస్‌ని వాళ్ల ప్రభుత్వం బహిష్కరించకపోయి ఉంటే మూడోది కూడా వచ్చేదని నా గట్టి నమ్మకం. అంతకు ముందు ఏడాదే ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో అమెరికాని 84-82తో ఓడించారు మరి.

క్లబ్ ఆట సంగతి అసలే రాయలేదు. లాత్వియా రాజధాని రీగాలోని ట్రాములు, ట్రాలీబస్సుల సంస్థ జట్టు టీటీటీతో ఆమె 11 యూరోపియన్ కప్పులు గెలిచింది. స్పెయిన్‌లో ఆడే అవకాశం మాత్రం 35 ఏళ్లు వచ్చాక, 1987లో గానీ రాలేదు. తర్వాత ఫ్రాన్స్. మంచి వయసంతా ఒక్క సోవియట్ లీగులోనే గడిచిపోయిందే అని నాకు ఇప్పటికీ బాధ. 1993లో బాస్కెట్‌బాల్ మేటి వ్యక్తులని గౌరవించే అమెరికాలోని నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెని చేర్చుకుంది. అమెరికాకి బయట నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటి మహిళ ఆమే. రెండో భాగం రాస్తే ఆ రీగా రోజుల గురించి వివరంగా రాయండి, దయచేసి.