ఏ కోర్టులో వాదిస్తారో తేలాకే ప్లస్ త్రీ కాలేజీ

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో ప్లస్ టూ ఫలితాలు రాగానే ఈమధ్య ఒక మాట వినిపిస్తోంది: "మావాడు లా చదువుతానంటున్నాడు, ప్లస్ త్రీ (డిగ్రీ) ఎక్కడ చేర్పించమంటారు?" వెంటనే ఒకరు పొలిటికల్ సైన్స్ తీసుకోమంటారు, ఇంకొకరు విశాఖ పంపించేయమంటారు. రెండూ తొందరపాటు సలహాలే. పిల్లలు రేపు ఏ రాష్ట్రం కోర్టుల్లో వాదిస్తారన్నది ముందు తేలాలి.

సబ్జెక్టు గురించి టెన్షన్ అక్కర్లేదు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా చాలు. మార్కులు మాత్రం జనరల్ వాళ్లకి 45, ఓబీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 శాతం ఉండాలి. ప్లస్ టూ అవగానే ఐదేళ్ల కోర్సుకి వెళ్లినా మంచిదే. కానీ జాతీయ లా యూనివర్సిటీల్లో చేరడానికి రాసే క్లాట్ పరీక్ష పూర్తిగా ఇంగ్లిషులో ఉంటుంది, రెండు గంటల్లో 120 ప్రశ్నలు. ఒడియా మీడియంలో చదువుకున్న పిల్లలు డిగ్రీలో ఇంగ్లిషు గట్టిపరచుకుని ఆ తర్వాత లాకి వెళితే అందులో చిన్నతనమేమీ లేదు.

బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ఖల్లికోట కాలేజీలో చదివి, 1913లో లా కోసం డబ్లిన్ వెళ్లి, తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీస్ పెట్టారు. అప్పుడు బరంపురం, మద్రాసు ఒకే ప్రెసిడెన్సీలో ఉండేవి. 1936లో ఒడిశా ఏర్పడ్డాక ఆ దారి రెండుగా చీలింది. ఒడిశా జ్యుడీషియల్ సర్వీసుకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి తీరాలి. ఆంధ్రలో సివిల్ జడ్జి పరీక్షకి తెలుగు, ఇంగ్లిషుల మధ్య అనువాదం చేయగలగాలి. పైగా 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, జడ్జి పరీక్షకి ముందు మూడేళ్లు ప్రాక్టీస్ ఉండాల్సిందే.

భూమి కేసుల్లో ఈ తేడా ఇంకా తెలుస్తుంది. పర్లాకిమిడికి ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరం. చుట్టరికాలూ పొలాలూ అటూ ఇటూ ఉంటాయి. కానీ గిరిజన ప్రాంతాల్లో భూబదిలీకి ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ ఉంటే, ఆంధ్రలో 1959 నాటిది, దానికి 1970లో తెచ్చిన సవరణ ఉన్నాయి. ఆ సవరణ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. తాతలనాటి తెలుగు దస్తావేజునీ, ఇప్పటి ఒడియా పట్టానీ పక్కపక్కన పెట్టుకుని చదవగల వకీలు ఈ జిల్లాలకి చాలా అవసరం. అందుకే ఇక్కడే ఉండాలనుకునే పిల్లలు ఒడియా వదిలేసి దూరం వెళ్లిపోవడం నాకు నష్టంగానే కనిపిస్తుంది.

ఆంధ్రలోనే స్థిరపడాలనుకుంటే మాత్రం ముందే లెక్క చూసుకోవాలి. అక్కడి లా కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. చదువు లెక్కన లోకల్ కావాలంటే, అర్హత పరీక్ష (మూడేళ్ల లాకైతే డిగ్రీ) రాసిన ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలోనే చదివి ఉండాలి. పర్లాకిమిడిలో ప్లస్ టూ ముగించి శ్రీకాకుళంలో మూడేళ్ల డిగ్రీ చేస్తే ఒక ఏడాది తక్కువ పడుతుంది. ఇంటర్ కూడా అక్కడే చదివితే ఐదేళ్లవుతాయి. చాలా ఇళ్లలో ఈ సంగతి ఆంధ్రలో లా సీట్లకి పెట్టే ప్రవేశ పరీక్ష లాసెట్ కౌన్సెలింగ్ దాకా తెలియడం లేదు.

ఇక కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు బిల్డింగ్ చూసి మురిసిపోకండి. అక్కడ చదివే పిల్లల్ని అడిగి, దిద్ది ఇచ్చిన ఇంటర్నల్ పరీక్ష పేపర్ ఒకటి చూడండి. నాలుగు పేజీల జవాబు పక్కన లెక్చరర్ "ఇది ఎందుకు?", "ఆధారమేది?" అని రాశారా, లేక చివర్లో ఒక టిక్కు పెట్టి మార్కు వేసి వదిలేశారా? లా చదువంతా పెద్ద జవాబు రాయడమే కాబట్టి నేనైతే ర్యాంకుల బోర్డు కంటే ఆ ఎర్ర సిరానే నమ్ముతాను. లైబ్రరీ రీడింగ్ రూమ్ సాయంత్రం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో కూడా కనుక్కోండి.

ఈ రెండూ బాగుంటే 1896 నాటి పర్లాకిమిడి ఎస్‌కేసీజీ కాలేజీ లాంటి ఊళ్లోని కాలేజీ చాలు. లాకి బరంపురంలో లింగరాజ్ లా కాలేజీ ఉంది. డిగ్రీకే నగరంలో లక్షలు పోసి, లా దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసే ఇళ్లు ఎన్నో. ఆడపిల్లల చదువైతే అక్కడితోనే ఆపేస్తున్నారు. ఆ డబ్బు లా కాలేజీ హాస్టల్‌కీ, సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరి చేతికి పెద్దగా ఏమీ రాని మొదటి ఏళ్లకీ దాచి ఉంచాలి.