పది షిల్లింగుల ధర్మప్రభువు

కెనడాలోని విన్నిపెగ్ నగరం ఐదవ సెల్కిర్క్ ప్రభువు థామస్ డగ్లస్‌ను ఏం చేసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. గొర్రెల మేత కోసం స్కాట్లాండ్ కొండసీమల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు, రోడ్డున పడ్డ రైతులకు నేల చూపించిన పుణ్యాత్ముడని ఒక వర్గం. ఎవరి నేలనో ఎవరికో రాసిచ్చిన ఆక్రమణదారుడని ఇంకో వర్గం. రెండు వర్గాలకూ లెక్కలు రావు. ఆయన దాతృత్వం నిఖార్సైనదే. కాకపోతే దానికి వాటాలు, ఓట్లు, దస్తావేజులు, సరిహద్దు రాళ్లు ఉన్నాయి. అవేవీ లేకుండా పుణ్యం చేసేవాళ్లకు చరిత్రలో ఒక వీధి పేరు కూడా దక్కదు. అందుకే ఆ విధానాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ముందుముందు ధర్మప్రభువులు కాదలచినవారు దాచుకోవచ్చు.

మొదట అన్నలు పోవాలి. థామస్ ఏడో కొడుకు. ఆరుగురు అన్నలూ పోయి, 1799లో తండ్రి కూడా పోయాక బిరుదూ ఆస్తీ చేతికొచ్చాయి. తర్వాత కాస్త అభ్యాసం కావాలి. 1803లో మూడు ఓడల్లో సుమారు 800 మందిని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి చేర్చాడు. అది కుదురుకుంది. భూమిని ఊరికే ఇవ్వకుండా తక్కువ ధరకి, అప్పు మీద అమ్మాడు. తనే దగ్గరుండి పంచాడు. అంతకుముందు అక్కడ ఫ్రెంచివాళ్ల ఊరొకటి ఉండేది. బ్రిటిష్ సైన్యం 1758లో వాళ్లను వెళ్లగొట్టింది కాబట్టి స్థలం ఖాళీగా దొరికింది. ఒకసారి ఖాళీ చేయించిన నేలలోకి ఇంకోచోట ఖాళీ చేయించిన జనాన్ని తెచ్చి నింపడంలో ఎంత పొదుపుందో గమనించండి.

మరుసటి ఏడు, 1804లో, ఇప్పటి ఒంటారియోలో, సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డున బాల్డూన్ అనే ఊరు. చిత్తడి నేల, మలేరియా. ఊరు నిలబడలేదు. ఇక్కడ పెంచాలని ప్రభువు పెట్టుబడి పెట్టింది గొర్రెల మీద. ఏ జంతువు వల్ల రైతులు ఊరొదిలారో దాన్నే వెంట పంపడం మరచిపోని మనిషి.

అసలు పని 1807లో పెళ్లితో మొదలైంది. భార్య జీన్ వెడర్‌బర్న్. బావమరిదితో కలిసి, ఉత్తర అమెరికాలో జంతువుల బొచ్చుతోళ్ల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీ వాటాలు కొనడం మొదలుపెట్టాడు. నెపోలియన్ యుద్ధాల వల్ల ఆ తోళ్ల బేరం పడిపోయి వాటాలు చవగ్గా ఉన్నాయి. 1811లో వాటాదారుల సమావేశం ఆయనకు ఇప్పటి విన్నిపెగ్ ఉన్న రెడ్ రివర్ లోయలో 1,16,000 చదరపు మైళ్లు, అంటే దాదాపు 3,00,000 చదరపు కిలోమీటర్లు రాసిచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అంత లేవు. ధర పది షిల్లింగులు. ఆఖరి నిమిషంలో వాటాలు కొని అడ్డుపడబోయిన పోటీ వ్యాపారుల మాట చెల్లలేదు. కంపెనీ మాత్రం ఏమీ ఊరికే ఇవ్వలేదు: ఏటా 200 మంది పనివాళ్లను పంపాలి, కంపెనీ కొలువు విరమించినవాళ్లకు భూమి ఇవ్వాలి. అమ్మినవారిలోనూ కొన్నవారిలోనూ ప్రభువే ఉన్నాడని గిట్టనివాళ్లు అంటారు. మధ్యవర్తి ఖర్చు తగ్గిందని ఎవరూ అనరు.

1812 సెప్టెంబరు 4న నదుల సంగమం దగ్గర గవర్నరు మైల్స్ మాక్డోనెల్ ఫిరంగులు పేల్పించి, దస్తావేజు చదివించి, నేలను లాంఛనంగా స్వాధీనం చేసుకున్నాడు. అక్కడి స్థానికులైన సాల్టో, క్రీ జనాల సంతకం మాటే లేదు. ఆ సంగతి ప్రభువుకు గుర్తొచ్చింది 1817లో.

వచ్చిన రైతులకు నాగళ్లు లేవు. గడ్డి వేళ్లు పెనవేసుకున్న మైదానాన్ని పారతో, గునపంతో తిరగేసి గోధుమ చల్లితే ఏం పండుతుంది? పండలేదు. చలికాలం గడవడానికి దక్షిణాన పెంబినా వెళ్లి, బైసన్ అనే అడవిదున్నల వేటగాళ్ల పంచన చేరారు. అక్కడ వాళ్లను బతికించింది పెమ్మికన్. బైసన్ మాంసాన్ని పలచటి పట్టీలుగా కోసి, ఎండలోనో సన్నసెగ మీదో ఎండబెడతారు. పొడిపొడిగా నలగ్గొట్టి, బైసన్ తోలు సంచిలో పోసి, కరిగించిన కొవ్వు కలిపి మూతి కుట్టేస్తారు. సంచి తూకం సుమారు 90 పౌండ్లు. అందులో మాంసం 50, కొవ్వు 40. కొవ్వు తగ్గితే, నూనె తేలని ఆవకాయ గతే. మాంసం సరిగ్గా ఎండకపోతే లోలోపలే కుళ్లుతుంది. బాగా కుదిరితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. మాంట్రియల్ నుంచి వాయవ్య అడవుల దాకా తెడ్లు వేసే పోటీ వ్యాపారులు, అంటే నార్త్‌వెస్ట్ కంపెనీ, పడవలు నడిచేది ఈ సంచుల మీదే, ఎందుకంటే బొచ్చుతోళ్ల మూటలు పోగా బియ్యం, పిండి మోసే చోటు పడవలో ఉండదు. వాటిని తయారుచేసి అమ్మేది మెటీలు, అంటే ఫ్రెంచి, స్కాట్ తండ్రులకూ స్థానిక తల్లులకూ పుట్టిన వంశాల వేటగాళ్లు.

1814 జనవరి 8న గవర్నరు ఒక ప్రకటన చేశాడు: ఏడాదిపాటు ఈ ప్రాంతం నుంచి పెమ్మికన్ బయటకి పోరాదు. అదే ఏడు ఇంకోటి: గుర్రాల మీద బైసన్‌ను తరమరాదు. పంట పండించలేని రైతును ఆదుకున్న వేటగాడికి, నీ వేట, నీ సరుకు ఇకమీదట మా ప్రభువు అనుమతితోనే అని చెప్పడం పరిపాలన. దీన్ని కృతఘ్నత అనేవాళ్లకు పాలనానుభవం లేదు.

ఫలితం చెప్పక్కర్లేదు. 1815లో పోటీ కంపెనీ సుమారు 140 మంది రైతులను మంచి మాటలతో తూర్పుకి తరలించింది, మిగిలినవాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. 1816 జూన్ 19న సెవెన్ ఓక్స్ దగ్గర కొత్త గవర్నరు రాబర్ట్ సెంపుల్, ఆయన మనుషులు సుమారు 20 మంది, క్యుత్‌బర్ట్ గ్రాంట్ నాయకత్వంలోని మెటీల చేతిలో చచ్చిపోయారు. మెటీల వైపు పోయింది ఒక్కడు. మొదటి తుపాకి సెంపుల్ వైపు నుంచే పేలిందని ప్రభుత్వ విచారణాధికారి కోల్ట్‌మన్ దాదాపు ఖాయంగానే తేల్చాడు. స్మారక స్తంభం మాత్రం గవర్నరు పక్షం వాళ్లకే కట్టారు. తుపాకి ఎవరు పేల్చారన్నది వేరు, స్తంభానికి చందా ఎవరిస్తారన్నది వేరు.

ప్రభువు ఊరుకోలేదు. డెమ్యూరాన్ పటాలం నుంచి విడుదలైన సుమారు వంద మంది సైనికులను కూలికి పెట్టుకుని, మేజిస్ట్రేటు హోదాలో ఆగస్టులో పోటీ కంపెనీ ముఖ్య స్థావరమైన ఫోర్ట్ విలియం కోటను పట్టుకున్నాడు. తాగుడుకు అలవాటుపడ్డ ఆ కంపెనీ పాత భాగస్వామి ఒకడితో కోటలోని సరుకుకు అమ్మకపు పత్రం కూడా రాయించుకున్నాడు. ఆ తర్వాత కోర్టులు వేసిన జరిమానా, వకీళ్ల ఖర్చు, క్షయ కలిసి 1820లో ఫ్రాన్సులో ఆయన ప్రాణం తీశాయి. ఆస్తి కరిగి అప్పులు మిగిలాయి. ఈ మాట వెటకారం కాదు; లాభం కోసమే వచ్చిన మనిషైతే ఇంత నష్టపోడు.

పోయేముందు, 1817 జూలై 18న ఆ సంతకాలు పెట్టించాడు. సాల్టో నాయకుడు పెగ్విస్‌తో పాటు మరో నలుగురు నాయకులు తమ కులచిహ్నాల జంతువుల బొమ్మలు గీశారు. నది రెండు ఒడ్ల నుంచీ రెండు మైళ్ల వెడల్పు, కోటల చుట్టూ ఆరు మైళ్లు. కట్టుబడి: ఒక్కో జాతికి ఏటా 100 పౌండ్ల పొగాకు. వేటలో, చలిలో రైతులకు తిండి పెట్టినవాడు పెగ్విస్. మెటీలను సంతకానికి పిలవలేదు. వాళ్ల తరఫున లూయీ రియల్ 1869లో గొడవ చేశాకే కెనడా 14,00,000 ఎకరాల మాట ఇచ్చింది. ఆ మాట సవ్యంగా నిలబెట్టుకోలేదని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది.

రైతులకిచ్చిన మాటలూ నెమ్మదిగానే తీరాయి. తమ ప్రెస్బిటీరియన్ మతగురువు కోసం వాళ్లు 1851 దాకా కాచుకున్నారు. 1818లో మిడతలు పంట మింగేస్తే, మరుసటేడూ అదే జరిగితే, 1820లో దక్షిణాన అమెరికాలోని ప్రేరీ డు షీన్ దాకా పోయి విత్తనాలు తెచ్చుకున్నారు.

పెగ్విస్ ముసలితనంలో, ఆ నేల తాము అమ్మలేదని, పొగాకు మర్యాదకేనని పదేపదే చెప్పాడు. ఆయన కొడుకు 1871 ఒప్పందంలో సంతకం పెట్టి సెయింట్ పీటర్స్ అనే రిజర్వు దక్కించుకున్నాడు. 1907లో దాన్ని చట్టవిరుద్ధంగా ఖాళీ చేయించి, జనాన్ని 160 కిలోమీటర్ల ఉత్తరానికి పంపారు. వాళ్లు వెళ్లిన కొత్త నేల పల్లం. ఫిషర్ నది పొంగినప్పుడల్లా ఊరు మునుగుతుంది, 2022లోనూ మునిగింది. ఖాళీ అయిన సెయింట్ పీటర్స్ పక్కన ఉన్న పట్టణం పేరు సెల్కిర్క్.