ఊదే మాస్టారా, వినే మాస్టారా?

అక్క కొడుక్కి పదేళ్లు. ట్రంపెట్ నేర్చుకుంటానని ఆరు నెలలుగా పోరుపెడుతున్నాడు. ఇద్దరు మాస్టార్ల దగ్గర ఒక్కో ట్రయల్ క్లాసు అయింది. ఒకాయన సంగీత కళాశాలలో చదివారు, పద్దెనిమిదేళ్లు ఆర్కెస్ట్రాలో వాయించారు, ఇప్పటికీ కచేరీలు చేస్తున్నారు. రెండో ఆయన బ్యాండులో వెనక వరసలో ఉండేవారు. పై పెదవి కండరం దెబ్బతిని వాయించడం మానేశారు, ఇరవై ఏళ్లుగా పాఠాలు మాత్రమే చెబుతున్నారు. అక్క ఓటు మొదటాయనకి. తమ్ముడు చిన్నప్పుడు రెండేళ్లు ట్రంపెట్ నేర్చుకుని వదిలేశాడు. అతని ఓటు రెండో ఆయనకి.

అక్క: ముందు ఇది చెప్పు. ఊదలేని మనిషి ఊదడం ఎలా నేర్పుతార్రా? ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టుంది.

తమ్ముడు: ఈదేవాడికి తన కాళ్లు ఎలా ఆడుతున్నాయో కనబడదక్కా. ఒడ్డున ఉన్నవాడికే కనబడుతుంది.

అక్క: మాటకి మాట బాగానే అప్పజెబుతావు. ఆ రోజు క్లాసులో నువ్వు లేవు. వీడు కూర్చోగానే ఆర్కెస్ట్రా మాస్టారు ఏమీ చెప్పలేదు. ట్రంపెట్ తీసి ఒకే ఒక్క స్వరం వాయించారు. సన్నగా మొదలుపెట్టి, గది నిండేదాకా పెంచి, మళ్లీ సన్నబరిచి ఆపేశారు. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పలేం. వీడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. రాత్రి పడుకునేదాకా అదే స్వరం కూనిరాగం తీశాడు. మీ మాస్టారు అలా ఒక్క స్వరం వినిపించగలరా?

తమ్ముడు: లేరు. ఒప్పుకుంటా. ఆ తర్వాత వీడి చేత వాయింపించారు కదా, అది చెప్పు.

అక్క: మూడోసారికి పై స్వరం 'జి' పలికించాడు. ఆయనే "భలే" అన్నారు.

తమ్ముడు: వీడియో నేనూ చూశాను. పెదవికి ఆనించే ఆ మౌత్‌పీస్‌ని పళ్లకేసి అదిమితే పలికింది. మెడ నరాలు లేచాయి, భుజాలు చెవుల దాకా వచ్చాయి. అలా అదిమితే పెదవికి రక్తం ఆడదు. ఇవాళ స్వరం వస్తుంది, పావుగంటకి పెదవి చచ్చుబడుతుంది. దానికి "భలే" ఏమిటి?

అక్క: మొదటి రోజు పిల్లాణ్ణి మెచ్చుకోకూడదా?

తమ్ముడు: మెచ్చుకోవచ్చు. కానీ ఆయన విన్నది స్వరం ఒక్కటే, మెడ చూడలేదు. రెండో ఆయన పది నిమిషాలకే ట్రంపెట్ తీసేసుకున్నారు. వీణ్ణి అద్దం ముందు నిలబెట్టి, పెదవి మీద గుండ్రంగా పడిన ఎర్ర గీత చూపించి, "ఇది మామూలు రంగుకొచ్చేదాకా కబుర్లు చెప్పుకుందాం" అన్నారు. తర్వాత ట్రంపెట్‌ని ఎడమ అరచేతిలో ఊరికే పడుకోబెట్టి ఊదమన్నారు. పట్టుకుని లాక్కోవడానికి లేదు కాబట్టి అదమడానికీ లేదు. ఇక గాలితోనే పలికించాలి.

అక్క: పలికిందా? తుస్సుమంది. వీడి మొహం చూడాల్సింది.

తమ్ముడు: నాలుగుసార్లు తుస్సుమంది. అయిదోసారి కింది స్వరం మెత్తగా వచ్చింది. ఆ మెత్తదనం నువ్వు వినలేదు, పై స్వరం కోసం ఎదురు చూస్తున్నావు.

(అక్క దీనికి జవాబివ్వలేదు. లేచి ఫ్యాన్ స్పీడు పెంచింది.)

తమ్ముడు: ఈ వాద్యం తీరే అంతక్కా. పియానోలో తప్పు వేలు పడితే ఎవరికైనా కనబడుతుంది. ట్రంపెట్‌కి ఉన్నవి మూడు వాల్వులు. ఒక్కటీ నొక్కకుండానే అయిదారు స్వరాలు పలుకుతాయి. ఏది పలకాలో తేల్చేది పెదవీ, నాలుకా, గాలీ. పెదవి మౌత్‌పీస్ వెనక, నాలుక నోట్లో, గాలి సంగతి సరేసరి. జరిగేదంతా చాటునే. శబ్దం విని లోపల ఏం జరుగుతోందో పట్టుకోవాలి. అది వేరే విద్య.

అక్క: ఆ విద్య పద్దెనిమిదేళ్లు వాయించినవాళ్లకి రాదా?

తమ్ముడు: రావచ్చు. రావాలని లేదు. చిన్నప్పుడే సులువుగా పట్టుబడినవాళ్లకి అది ఎలా వచ్చిందో గుర్తుండదు. ఇద్దరి స్టాండు మీదా ఉన్నది ఒకే పుస్తకం, 1864లో ఆర్బన్ అనే ఫ్రెంచి కార్నెట్ విద్వాంసుడు అచ్చువేసిన పాఠాలు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి చుట్టమే. మౌత్‌పీస్ పై పెదవి మీద ఒక వంతు, కింది పెదవి మీద రెండు వంతులు ఉండాలని అందులో ఉంది. మొదటాయన వీడికి కొలిచినట్టు అలాగే పెట్టించారు. దానికి తలకిందులుగా పెట్టుకుని హాయిగా వాయించేవాళ్లు బోలెడుమంది. వీడి ముందు పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. రెండో ఆయన మొదట ఆ పళ్లు చూశారు, ఆ తర్వాతే మౌత్‌పీస్ పెట్టించారు.

అక్క: సరే, పళ్లు చూశారు. డెంటిస్టూ చూస్తాడు. ట్రంపెట్ వాయించకుండా ట్రంపెట్ గురువైనవాళ్లు నిజంగా ఎవరైనా ఉన్నారా?

తమ్ముడు: ఎందుకు లేరు! ఆర్నాల్డ్ జేకబ్స్ షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించారు, అదే, ఆ పెద్ద ఇత్తడి బాకా. ట్రంపెట్ వాళ్లూ హార్న్ వాళ్లూ ఆయన దగ్గరికి వెళ్లి ఊపిరి సంగతి నేర్చుకునేవారు. న్యూయార్క్‌లో కార్మైన్ కరూసో అయితే సాక్సోఫోన్ మనిషి. పాదంతో తాళం వేయిస్తూ, కసరత్తు చేయించినట్టు చేయించి ఎందరో ట్రంపెట్ వాళ్లని దారిలో పెట్టారు.

అక్క: జేకబ్స్ పేరెత్తావు కాబట్టి అడుగుతున్నా. ఆయన పాఠం ఏమిటి?

తమ్ముడు: పాట, గాలి. కండరాల లెక్కలు వదిలేసి, ముందు మనసులో ఆ శబ్దం వినమనేవారు. అది వినబడితే ఒళ్లు దానంతటదే సర్దుకుంటుందని.

అక్క: అదీ! మనసులో వినాలంటే ముందు చెవిలో పడాలిగా. ఎవరు వేస్తారు? జేకబ్స్ దగ్గరికి వెళ్లినవాళ్లలో చాలామంది అప్పటికే ఆరితేరినవాళ్లు, మంచి శబ్దం ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు. పైగా ఆయన ఉన్న ఆర్కెస్ట్రాలోనే అడాల్ఫ్ హెర్సెత్ 1948 నుంచి 2001 దాకా మొదటి ట్రంపెట్. ఆ శబ్దం వింటూ కూర్చున్న మనిషి ఆయన. మనవాడికి పదేళ్లు, వీడి చెవిలో ఏముంది? కారు హారను.

(తమ్ముడు నవ్వాడు. నవ్వాక ఆలోచనలో పడ్డాడు. తన సాక్షి అక్కవైపు తిరుగుతాడని అనుకోలేదు.)

తమ్ముడు: రికార్డింగులు ఉన్నాయి.

అక్క: ఫోను స్పీకర్లోంచి వచ్చేదీ, అయిదడుగుల దూరంలో మన ఛాతీకి తగిలేదీ ఒకటేనా? నువ్వే చెప్పు, నువ్వు నేర్చుకున్నవాడివి.

తమ్ముడు: ఒకటి కాదు. ఆ విషయంలో నీ మాటే నిజం. కానీ నేను నేర్చుకున్నదీ అలా గొప్పగా వాయించే ఆయన దగ్గరే. ప్రతి క్లాసులో వాయించి చూపించి "ఇలా" అనేవారు. నాకు అలా వచ్చేది కాదు. మళ్లీ వాయించి "ఇలా" అనేవారు. ఎందుకు రావడంలేదో రెండేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. క్లాసంటే ముందురోజు రాత్రే టెన్షన్ పట్టుకునేది. నాకు చేతకాదు కాబోలనుకుని పెట్టె మూసేశాను.

అక్క: లాంగ్ టోన్స్, అదే ఒకే స్వరాన్ని సాగదీసి ఊదే సాధన, విసుగని ఎగ్గొట్టేవాడివి. అమ్మ అడిగితే చేశానని అబద్ధం చెప్పేవాడివి.

తమ్ముడు: అదీ ఉంది.

అక్క: పోనీ, మీ మాస్టారు శబ్దం వినిపించాల్సి వస్తే ఏం చేస్తారు?

తమ్ముడు: నాలుగేళ్లుగా ఆయన దగ్గరున్న అమ్మాయి ఒకతె శనివారాలు వస్తుందట. చిన్నవాళ్ల క్లాసులో ఆ పిల్లే వాయించి చూపిస్తుంది. ఆయన పాడి వినిపిస్తారు, ఆ పిల్ల పలికిస్తుంది.

అక్క: ఎలా వాయిస్తుంది?

తమ్ముడు: నేను వినలేదు.

అక్క: వినకుండానే ఇంతసేపు వాదించావా! శనివారం పోయి విందాం. ఆ పిల్ల శబ్దం బాగుంటే అప్పుడు చూద్దాం.

తమ్ముడు: మరి ఆర్కెస్ట్రా మాస్టారి దగ్గర నాలుగేళ్లుగా ఉన్నవాళ్లు ఎంతమందో అడిగావా?

అక్క: ...అడగలేదు.

తమ్ముడు: ఫోన్ చెయ్.

అక్క: చేస్తాలే. ముందు లోపలికెళ్లి చూడు, వీడు మళ్లీ ఆ మౌత్‌పీస్‌ని మొహానికి అదుముకుంటున్నట్టున్నాడు.