వాటర్‌ప్రూఫే, కాకపోతే నీళ్లు తగలొద్దు

మా బామ్మర్ది అమెరికా నుంచి వస్తూ ఒక ట్రక్కు తెచ్చాడు. రిమోట్‌తో నడిచేది, అసలు బండిలో పదో వంతు ఉంటుంది. బొమ్మ అన్నందుకు ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. ‘ఆర్‌సీ’ అనాలట, అంటే రేడియో కంట్రోల్. డబ్బా మీద మంచు ఎగజిమ్ముతూ దూసుకుపోతున్న ట్రక్కు ఫొటో, దాని పక్కన అరచేయంత అక్షరాల్లో ‘వాటర్‌ప్రూఫ్’. డబ్బా లోపల చీమ తలకాయంత అక్షరాల్లో వారంటీ కాగితం. నీళ్ల వల్ల పాడైతే మాకు సంబంధం లేదని అందులో ఉంది.

చదువంటే గౌరవం ఉన్నవాణ్ని కాబట్టి రెండింటినీ మూడుసార్లు చదివాను. గొడుగు అమ్మి, వానలో తెరవొద్దని చీటీ రాసిచ్చినట్టుంది. బామ్మర్దికి మాత్రం ఇందులో వింతేమీ కనపడలేదు. “బావా, పరేషాన్ గాకు. తడిసినంక మంచిగ చూసుకోవాలె, గంతే” అన్నాడు.

ఆ ‘మంచిగ చూసుకోవడం’ ఏమిటో తర్వాత తెలిసింది. నీళ్లలో నడిపిన వెంటనే బ్యాటరీ తీసెయ్యాలి. బండిని ఏటవాలుగా పట్టి నీళ్లన్నీ కార్చాలి. టైర్ల లోపలి ఫోమ్ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి వాటిని పిండాలి. డజనుకు పైగా బేరింగులుంటాయి, ఒక్కొక్కటీ ఆరబెట్టి నూనె చుక్క వెయ్యాలి, లేకపోతే తుప్పు. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ పెట్టెకున్న రబ్బరు సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. మంచులో అయితే ఇంకో తంతు. చక్రాలు కూరుకుపోయి మోటారు మీద భారం పడుతుంది కాబట్టి చిన్న పినియన్ పళ్లచక్రం వేసుకోవాలి. చలికి లిథియం బ్యాటరీ నీరసపడి తొందరగా దిగిపోతుంది. మా ఇంట్లో చంటిపిల్లకు కూడా ఇంత సేవ జరగలేదు.

ఇక అసలు సమస్య, హన్మకొండలో మంచు ఎక్కడిది? మన మంచు సంక్రాంతి ముందు తెల్లవారుజామున కళ్లకు అడ్డం పడేది. వాళ్ల మంచు కాళ్లకు అడ్డం పడేది. మాట ఒకటే, సరుకు వేరు. ఈ సంగతి చెప్తే బామ్మర్ది నవ్వి, స్కూటర్ తీసుకుని చేపల మార్కెట్‌కు పోయాడు.

గంట తర్వాత గోనెసంచిలో చుట్టిన ఐసు దిమ్మ స్కూటర్ ముందర పెట్టుకుని వచ్చాడు. వీధి మొదలు నుంచి మా గేటు దాకా నీటి చార. డాబా మీద దాన్ని రోకలితో దంచాడు. రోకలి మా అమ్మది, ఆవిడ లేదు కాబట్టి బతికిపోయాడు. కాలనీ పిల్లలంతా ఎక్కి వచ్చారు, వాళ్లను పిలవడానికి వచ్చిన తల్లులూ ఆగిపోయారు, రిటైర్డ్ సారొకాయన చేతులు వెనక్కి కట్టుకుని “టైర్ల గాలి తగ్గియ్యాలె” అని సలహా ఇచ్చాడు. ఆ టైర్లలో గాలే ఉండదు. ట్రక్కు ఐసు ముక్కల్లోకి ఉరికింది. మొదటి రౌండ్ చప్పట్లు, రెండో రౌండ్‌కు సారు కళ్లద్దాల మీద ఒక చేప పొలుసు. మూడో రౌండ్‌కు నాలుగు పిల్లులు వచ్చి గోడ మీద వరసగా కూర్చున్నాయి. ప్రేక్షకుల్లో నిజంగా ఆశపడ్డవి అవే. జులై ఎండకు పావుగంటలో హిమాలయం కరిగి తూము గుండా కిందికి పోయింది, మా ఆవిడ ఆరేసిన చీరల మీదుగా. మూడు రోజులు ఇంట్లో చేపల పులుసు వాసన, పులుసు మాత్రం లేదు.

ఆ రాత్రి వాన మొదలైంది. గట్టిదేం కాదు. తెల్లారేసరికి మా వీధి యథాప్రకారం చెరువు.

బామ్మర్ది ట్రక్కును అందులోకి దింపాడు. నాలుగు గజాలు ఈదినట్టే పోయి కిరాణా దుకాణం ముందు గుంతలో బుడుంగున మునిగింది. రిమోట్ సిగ్నల్ నీళ్లలోకి దిగదట, అలా ఆగిపోయింది. కర్రతో తీయించాం.

అప్పుడు నాకు డబ్బా గుర్తొచ్చింది. ఏటా జూన్‌లో అధికారుల నుంచి అరచేయంత అక్షరాల్లో ఒక ప్రకటన వస్తుంది: ‘వానాకాలానికి సర్వం సిద్ధం’. జులైలో ఇళ్లు మునిగాక చీమ తలకాయంత గొంతుతో ఇంకోటి వస్తుంది: ‘ఊహించని వర్షం’. అదే డబ్బా, అదే వారంటీ.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. దాన్ని ఊహించలేదంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ మా వీధి మునగడానికి అంత అక్కర్లేదు, ఒక మోస్తరు జల్లు చాలు. ఇదేం ఎడారి కాదు కదా! రామప్ప గుడి కట్టింది 1213లో. ఆ కాకతీయుల కాలంలోనే ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోయేలా గొలుసు కట్టారు. వాళ్ల దగ్గర శాటిలైట్ ఫొటోల్లేవు. నీళ్లు పల్లానికి పోతాయన్న సంగతి తెలుసు, అంతే. ఇప్పుడు ఆ పల్లంలో ప్లాట్లు కొట్టి అమ్ముకున్నారు. నాలా మీద గోడ కట్టినవాడికి తెలుసు, అనుమతి ఇచ్చినవాడికి తెలుసు, పూడిక తీశామని బిల్లు పెట్టినవాడికి ఇంకా బాగా తెలుసు. తెలియనిది మంచం మీద మంచం వేసుకుని రాత్రంతా కూర్చున్న ముసలివాళ్లకు ఒక్కరికే. ఊహించని వర్షమట! సిగ్గుండాలి. పదో వంతు ట్రక్కుకు నీళ్లు కార్చే చిల్లు ఎక్కడుండాలో ఆలోచించారు, ఇంత ఊరికి ఆలోచించేవాడు లేడు.

సరే, ట్రక్కు. బామ్మర్ది బేరింగులు విప్పి పేపర్ మీద పరిచాడు, రిసీవర్ తీసి బియ్యం డబ్బాలో గుచ్చాడు. బియ్యం తేమ లాగేస్తుందట. ఎదురింటి అవ్వ పోయిన వరదకు సగం సంచి బియ్యం పోగొట్టుకున్న మనిషి. అరుగు మీద నుంచి చాలాసేపు చూసింది.

“తడిసిన బొమ్మను బియ్యంల పెడ్తిరి, మంచిదే. నా బియ్యం తడిసినప్పుడు దేంట్ల పెట్టాలె బిడ్డా?”

బామ్మర్ది డబ్బాకు మూత పెట్టి లోపలికి పోయాడు.